ఇంజన్ మీది పల్లిచెట్టు

ఆ పొద్దు ఆకాశం ఒక పక్కకే తెల్లవారింది. మౌలాలి గుట్ట మీద మబ్బు కింద సన్నటి సందు ఉన్నది. ఆ సందులోంచి వచ్చిన వెలుతురు మేడల మీది నీళ్ల ట్యాంకులను తాకింది గాని గల్లీల్లోకి దిగలేదు. నడినెత్తిన, పడమట అంతా తడి బూడిద. రాత్రి కురిసిన వాన ఆగింది గాని రేకుల అంచులకు ఇంకా చుక్కలు వేలాడుతున్నాయి. గాలి లేదు. గాలి లేకపోతే మబ్బు కదలదు, మబ్బు కదలకపోతే రంగు కనబడదు. ఆ రోజు మాకు కావలసింది రంగే.

పద్మారావు నగర్‌లో ఆడపిల్లల హాస్టలుకు నేను వాచ్‌మన్‌ను. గేటు తాళం తీస్తుంటే తుకారాం ఫోన్ వచ్చింది.

"వీరన్నా, వస్తున్నది!"

"ఏది?"

"ఏందన్నా గట్లడుగుతవ్? పల్లిచెట్టు! బ్రహ్మచారి ఇప్పుడే చెప్పిండు. కాజీపేట్ల ఆయన ముంగటికెళ్లే పోయిందంట. ఆయిల్ ట్యాంకర్ల బండికి పెట్టిన్రు."

"ఎప్పటికొస్తది?"

"గూడ్సు బండికి టైం ఏడిది? నిన్న రైల్ రోకో అయ్యె. ఆగిన బండ్లన్నీ ఒకదాని ఎనక ఒకటి ఇడుస్తున్నరు. పది గొట్టంగ వస్తే మన నసీబు. నువ్వు పేతురన్నను తోల్కరా. ఇయ్యాల తప్పితే ఇగ లేదు."

ఇగ లేదు అని ఎందుకన్నాడో చెప్పాలి.

మేము రైలు బండ్ల పిచ్చోళ్లం. మా ఇండ్లల్లో పెట్టిన పేరు అదే. తుకారాం దర్జీ. మా హాస్టల్ సందు మొదట్లోనే దుకాణం. కొలతలు తీసుకుంటూ కూత వినబడితే టేపు మెడకేసుకుని లైను కాడికి ఉరుకుతాడు. కాజీపేటలో బ్రహ్మచారి వడ్రంగి. నాది జనగామ అవతల ఊరు. ఊరి బడిలో చదివినంత చదివి ఇటొచ్చాను. బండి వస్తే నిలబడి చూస్తాను. ఎందుకని అడిగితే నాకు చెప్పరాదు. ఇట్లాంటి వాళ్లం ఇంకో పది మంది దాకా ఉంటాం. ఏ ఇంజన్ ఎటు పోతున్నదో ఒకరికొకరు ఫోన్లు చేసుకుంటాం. మాకు ఒకటే కట్టుబాటు. ఎండ వీపు మీద పడేటట్టు నిలబడాలి, బండి మొఖం మీద పడేటట్టు చూడాలి. నీడ పక్క నిలబడి తీసిన ఫోటోను మాలో ఎవరూ ఫోటో అనరు. కొత్తగా వచ్చినోడు నీడ పక్క నిలబడితే వానికి ఆ రోజు చాయ్ పోయరు.

రెండేండ్ల కింద ఒక పల్లినూనె కంపెనీ, సరుకు బండ్లు లాగే కరెంటు ఇంజన్ ఒకదానికి తన ప్రచారం కోసం రంగు వేయించింది. స్టిక్కర్లు అప్పుడప్పుడే వస్తున్నాయి. కంపెనీ ముసలి యజమాని మాత్రం చేత్తోనే వేయించాలని పట్టుబట్టాడట. ఆ పని పేతురుకు దొరికింది.

పేతురు బోర్డులు రాసేవాడు. బాపట్ల దగ్గరి మనిషి. పెళ్లయిన కొత్తలో సీతాఫల్‌మండి వచ్చి అక్కడే ఉండిపోయాడు. భార్య రోసమ్మ మిషన్ బడిలో ఆయా. పిల్లలు లేరు. ఇంజన్ పని ఒప్పుకున్నాక పేతురు సీతాఫల్‌మండి చాయ్ హోటల్లో కూర్చుని, "ఇక్కడ ఎవరన్నా వేరుశనగ పండించిన వాళ్లున్నారా అండీ?" అని అందరినీ అడుగుతున్నాడు. నేను చెయ్యెత్తాను. ఆకు ఎట్లుంటది, పువ్వు ఎక్కడ పూస్తది, కాయ ఎట్ల దిగుతది అని అడిగాడు. మాటలతో చెప్పడం నాకు చేతకాదు. మరుసటి ఆదివారం ఊరికి పోయి, వేరుతో సహా ఒక మొక్కను పెరికి, తడి గోనెపట్టాలో చుట్టి తెచ్చిచ్చాను. ఆయన దాన్ని పసిపిల్లను తీసుకున్నట్టు రెండు చేతులతో తీసుకున్నాడు. అప్పటి నుంచి మాకు స్నేహం.

ఇక్కడి రైల్వే షెడ్డులో ఇంజన్‌కు రెండు పక్కలా ఆ మొక్కను పొడుగ్గా పండబెట్టి వేశాడు. పైన నాలుగేసి ఆకులు, పసుపు పూలు. పూల కింది నుంచి మట్టిలోకి దిగే ఊడలు. చక్రాల పైన మట్టి రంగు, ఆ మట్టిలో కాయల గుత్తులు. పేరు రాసుకోవద్దని కంపెనీ వాళ్లు చెప్పారు. అందుకని కింది ఆకు మీద ఒక మిడతను వేశాడు. అది ఆయన సంతకం. ఇవన్నీ ఆయన చెబితే తెలిసినవే. ఆయన కూడా ఆ చెట్టును పూర్తిగా చూడలేదు. షెడ్డులో పక్క లైను మీద ఇంకో ఇంజన్ ఎప్పుడూ ఉండేది. బల్ల మీద నిలబడి, ట్యూబులైటు కింద, చెయ్యి అందినంత మేర వేసుకుంటూ పోయాడు. పని అయిపోయిన మరునాడు పోతే ఇంజన్ లేదు. నాగపూర్ దిక్కు పోయిందన్నారు.

రెండేండ్లలో ఆ ఇంజన్ మా దిక్కు వెలుతురులో రాలేదు. ఒక్కసారి జోరు వానలో పోయింది. తుకారాం తీసిన ఫోటోలో పసుపు మరక తప్ప ఏమీ లేదు. పేతురు ఆ మరకనే అడిగి తీసుకుని గోడకు పెట్టుకున్నాడు.

ఈ రెండేండ్లలోనే ఆయన రాసిన బోర్డులన్నీ పోయాయి. మందుల షాపు, బేకరీ, టైపు నేర్పే ఇన్‌స్టిట్యూట్, ఒకదాని తర్వాత ఒకటి ఫ్లెక్సీలయ్యాయి. ఆఖరుకు వాళ్ల చర్చి గోడ మీద ఆయన రాసిన వాక్యం మీద కూడా ఫ్లెక్సీ కట్టారు. తర్వాత ఊపిరితిత్తులు పోయాయి. ఏండ్ల తరబడి పీల్చిన రంగు, టర్పెంటైన్ అన్నారు డాక్టర్లు. పోయిన నెల గాంధీ ఆస్పత్రిలో, ఇంటికి తీసుకుపోయి బాగా చూసుకోండమ్మా అని రోసమ్మతో చెప్పారు. ఆ మాటకు అర్థం ఆమెకు తెలుసు, ఆయనకూ తెలుసు.

"ఈ ఊళ్లో నా చేతిది ఇంకేం మిగల్లేదు వీరయ్య గారూ," అన్నాడు ఒక రోజు. "ఆ ఇంజనొక్కటే. అది ఎండలో పోతుంటే ఒక్కసారి చూస్తే చాలండి."

ఇప్పుడు ఆ ఇంజన్ షెడ్డుకు వస్తున్నది. కంపెనీ ముసలాయన చనిపోయాడు, కొడుకులు స్టిక్కర్లు అతికించమన్నారు అని బ్రహ్మచారికి ఎవరో చెప్పారట. షెడ్డు లోపలికి బయటి మనుషులను రానియ్యరు. మేము రెండుసార్లు పోయి అడిగి వచ్చాం. అందుకే తుకారాం ఇగ లేదు అన్నది.

నేను పోయేసరికి పేతురు తయారై ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా. మెడ దగ్గర వదులై, లోపల మనిషి లేనట్టున్నది. తల దువ్వుకుని మంచం అంచున కూర్చున్నాడు. రోసమ్మ టిఫిన్ క్యారియర్ మూతలు బిగిస్తున్నది.

"వీరయ్య గారూ, నిజంగానే వస్తుందంటారా?"

"కాజీపేట దాటింది."

"నిన్న రైళ్లాపారు గదా. మధ్యలో ఎక్కడన్నా ఆపేస్తారేమో."

"ఆపరు."

"చెట్టు బాగానే ఉందంటనా?"

"పూలు సుత కనబడ్డయంట."

రోసమ్మ నవ్వింది. "ఈయన్ని అడుగుతావేంటయ్యా? రోజుకి లెక్కపెట్టి పది మాటలే ఇస్తాడు దేవుడు ఈయనకి. పొద్దున్నే అన్నీ ఖర్చుపెట్టించకు."

ఆటోలో ఆయన మధ్యలో, మేము చెరో పక్క. గుంత వచ్చినప్పుడల్లా రోసమ్మ ఆయన ఛాతీకి అడ్డంగా చెయ్యి పెట్టింది. బ్రిడ్జి ఎక్కి దిగి, లైనుకు ఉత్తరం పక్కన రైల్వే క్వార్టర్ల వెనక ఆటో ఆగింది. అక్కడ ఒకప్పుడు గేటు ఉండేది. మూసేశారు గాని మనుషులు దాటుతూనే ఉంటారు. ఆటో పోయే తోవ ఆ పక్కకే ఉన్నది. గోడ పొంటి ఒక వేపచెట్టు, దాని కింద సిమెంటు బెంచీ. పేతురును బెంచీ మీద కూర్చోబెట్టాం. వీపు గోడకు ఆనింది. ఊపిరి కుదుటపడింది. ఎదురుగా ఇరవై అడుగుల్లో పట్టాలు.

"ఇక్కడ హాయిగా ఉంది," అన్నాడు.

గోడ పక్కన ఒక ముసలమ్మ బర్రెకు గడ్డి కోస్తున్నది. బుచ్చమ్మ. మేము అక్కడికి పోయినప్పుడల్లా కనబడేది.

"ఏం సార్లు, అయ్యను తెల్లంగి తొడిగి తోలుకొచ్చిన్రు? పెండ్లి చూపులా?"

"అంతేనమ్మా," అన్నాడు పేతురు. "పిల్ల ఆలస్యంగా వస్తంది."

అప్పుడే పట్టాల అవతలి నుంచి కేక వినబడింది. తుకారాం దక్షిణం పక్కన కంకర గుట్ట మీద నిలబడి రెండు చేతులూ ఊపుతున్నాడు. మెడలో కెమెరా.

"గక్కడేందన్నా కూసున్నరు? గది నీడ పక్క! ఇటు రావాలె, ఇటు!"

రోసమ్మకు కోపం వచ్చింది. "ఎక్కడికి వచ్చేది తమ్ముడూ? రాళ్లల్లో ఈయన నడవగలడా? ఇక్కడ నీడుంది, బెంచీ ఉంది. ఇక్కణ్ణుంచి కనపడదా ఏం?"

తుకారాం పట్టాలు దాటి వచ్చాడు. రొప్పుతున్నాడు.

"అక్కా, కనబడతది. ఎట్ల కనబడతదంటే, ఇగో ఈ బొగ్గు లెక్క కనబడతది. ఎండ అటుకెళ్లి కొడుతది గదా. ఇంజన్ ఇటు పక్క అంత చీకటే. రెండేండ్లు ఆగింది చీకటి చూసెతందుకా?"

"ఎండేది మరి? మబ్బే గదా అంతా."

తుకారాం తలెత్తి చూశాడు. నేనూ చూశాను. పొద్దున గుట్ట మీద ఉన్న సందు పెద్దదైంది. గాలి మొదలైంది. మబ్బు అంచు చిట్లి, మేం చూస్తుండగానే ఎండ పట్టాల మీద పడింది. అవతలి పక్క కంకర రాళ్లు మెరిశాయి. మేమున్న పక్క వేప నీడ ఇంకా నల్లబడింది.

"చూసినవా అక్కా? దేవుడే లైటేసిండు."

నాకు బెంచీ మంచిదనే అనిపించింది. ఆయన వీపు గోడకు ఆనిన తీరు చూస్తే లేపబుద్ధి కాలేదు. కాని మా కట్టుబాటు నాకూ ఉన్నది.

పేతురే అన్నాడు. "రోసీ, ఆ పసుపు నేను ట్యూబులైటు కింద కలిపానే. ఎండలో అదెట్లా ఉంటదో నాకు తెలవదు. ఎండలోనే చూస్తాను."

రోసమ్మ క్యారియర్ బెంచీ మీదే పెట్టి లేచింది. నేను ఒక చంక కింద, తుకారాం ఒక చంక కింద పట్టుకుని దాటించాం. ఎక్కువ బరువు లేడు. రెండు లైన్లు దాటేలోపు నాలుగుసార్లు ఆగాం. ఒక చెప్పు కంకరలో ఊడిపోయింది. రోసమ్మ దాన్ని పట్టుకుని వెనకాల వచ్చింది. అవతల పాత స్లీపర్ దిమ్మె మీద నా తువ్వాల పరిచి కూర్చోబెట్టాం. ఆనుకోవడానికి ఏమీ లేదు. రోసమ్మ తన మోకాళ్లను ఆయన వీపుకు ఆనించి వెనకాల నిలబడింది. చాలా సేపటిదాకా ఆయన నోటితో గాలి పీల్చాడు.

ఎదురుచూశాం. ఒక ప్యాసింజర్ పోయింది. ఒక ఖాళీ బొగ్గు బండి పోయింది. ఎండ చురుక్కుమంటున్నది. ఆయనకు ఊపిరి అందడానికి మాట్లాడించకూడదు గాని తుకారాం ఊరికే ఉండలేడు.

"పేతురన్నా, నిజం చెప్పు. మీ దిక్కు శనక్కాయ మంచిదా, మా దిక్కు పల్లి మంచిదా?"

"మాదే."

"మరి మా వీరన్న ఊరి పల్లి బొమ్మ ఎందుకేసినవ్?"

"మా వాళ్లు మొక్క ఇవ్వరయ్యా. కాయలు అమ్ముతారు."

తుకారాం తొడ కొట్టుకుని నవ్వాడు. రోసమ్మ కూడా నవ్వింది. పేతురు నవ్వబోతే దగ్గు వచ్చింది. అది ఆగేదాకా మేం పట్టాల దిక్కు చూస్తూ కూర్చున్నాం.

మౌలాలి దిక్కు నుంచి కూత వినబడింది. సరుకు ఇంజన్ కూత. లోతుగా, ఒకే గొంతుతో. తుకారాం మోకాళ్ల మీద కూర్చుని కెమెరా కంటికి పెట్టుకున్నాడు. పేతురు లేవాలన్నట్టు నా దిక్కు చెయ్యి చాపాడు. లేపాం. నిలబడ్డాడు. రోసమ్మ ఆయన చొక్కా ముడతలు సవరించింది. ఎవరి ముందుకు పోతున్నాడో నాకు తెలవదు, కాని ఆమె సవరించింది.

వంపు తిరిగి ఇంజన్ కనబడింది. ముందు భాగం పసుపు. పేతురు వేళ్లు నా మోచేతిలోకి దిగాయి.

"ముందర అదే పసుపు," అన్నాడు. "నాదే."

ఎండ నిండుగా ఉన్నది. మబ్బు ఒక్కటి కూడా అడ్డం లేదు. తుకారాం ఎట్ల కోరుకున్నాడో అట్లనే ఉన్నది. ఇంజన్ దగ్గరకు వచ్చింది, పక్క భాగం మా ముందుకు తిరిగింది.

చెట్టు లేదు.

ఇంజన్ ఈ చివర నుంచి ఆ చివర దాకా నున్నటి స్టిక్కర్. ఒక ఆడమనిషి పూరీల పళ్లెం పట్టుకుని నవ్వుతున్నది. ఆమె పక్కన ఇంజన్ ఎత్తున్న నూనె సీసా. ఎండకు ఆ సీసా మా కండ్లల్లో కొట్టింది. స్టిక్కర్ కింద గాలి బుడగలు ఉన్నాయి. కొత్తది. వెనక తలుపు దగ్గర ఒక మూల లేచి రెపరెపలాడుతున్నది. దాని కింద ఆకుపచ్చ పీలిక ఒకటి నాకు కనబడింది. ఆయన చూశాడో లేదో అడగలేదు.

ఇంజన్ దాటిపోయింది. తుకారాం అలవాటు కొద్దీ బటన్ నొక్కినట్టున్నాడు, చప్పుడు వినబడింది. తర్వాత నల్లటి ట్యాంకర్లు మొదలయ్యాయి. నేల అదురుతున్నది. పేతురు నిలబడే ఉన్నాడు. కూర్చోబెడదామని భుజం మీద చెయ్యి వేస్తే, వద్దన్నట్టు తల ఊపాడు. ట్యాంకర్ల మధ్య సందుల్లోంచి అవతలి పక్క ముక్కలు ముక్కలుగా కనబడుతున్నది. వేపచెట్టు. బెంచీ. బెంచీ మీద మా క్యారియర్. గడ్డిమోపు పక్కన బుచ్చమ్మ నిలబడి, ఇంజన్ పోయిన దిక్కు నోరు తెరిచి చూస్తున్నది.

ఆమె దేన్ని అట్ల చూస్తున్నదో నాకు అప్పుడే అర్థమైంది. అవతలికి పోదామంటే మధ్యలో బండి. ఆయిల్ బండి పొడుగు. అది అయిపోయేసరికి ఇంజన్ సికింద్రాబాద్ సిగ్నల్ దాటి ఉంటుంది.

ఆఖరి డబ్బా పోయింది. చప్పుడు తగ్గింది. బుచ్చమ్మ కొడవలి చేత పట్టుకునే ఇటు అరిచింది.

"సూసిన్రా సార్లూ? గదేం చెట్టే! పల్లిచెట్టును అట్లనే పెరికి అంటించిండు ఎవడో! మా చేన్లది లెక్కనే ఉన్నది!"

తుకారాం కెమెరా దించాడు. పేతురు ఏదో అన్నాడు. ఆయన గొంతు అంత దూరం పోదు. రోసమ్మ ఆయన మాట విని, గట్టిగా అడిగింది.

"ఊడలు కనపడ్డాయా అని అడుగుతున్నాడమ్మా!"

"కనబడకేం? మట్టిలకు దిగినయ్. కాయలు సుత ఉన్నయ్ గుత్తులు గుత్తులు."

పేతురు మళ్లీ ఏదో అన్నాడు. రోసమ్మ అడిగింది.

"పూలు? పూల రంగు ఎట్లా ఉంది?"

బుచ్చమ్మ ఆలోచించింది. అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఇటు పక్క నీడ కాదమ్మా? నల్లగనే అవుపడ్డది. పూలున్నయని ఎరికైతది, అంతే." తర్వాత గుర్తొచ్చినట్టు అన్నది. "కింద ఆకు మీద పురుగో ఏందో ఉన్నది."

"మిడత," అన్నాడు పేతురు.

ఆ మాట రోసమ్మ అటు అరవలేదు.

తుకారాం ఫోన్ తీశాడు. స్పీకర్ వేయకపోయినా బ్రహ్మచారి గొంతు మాకు వినబడుతున్నది.

"ఎట్లొచ్చింది ఫోటో? ఎండ పడ్డదా?"

"బ్రహ్మచారీ, పొద్దుగాల నువ్వు ఏ పక్క నిలబడ్డవ్?"

"ఉత్తరం పక్క. ఏమాయె?"

"ఉత్తరం పక్క ఎందుకు నిలబడ్డవ్?"

"అరే, అప్పటికి ఎండే పొడవలే గదనే. ఎక్కడైతేంది? చాయ్ బండి అటు పక్కనుండె, గక్కడ్నే చూసిన."

తుకారాం ఫోన్ ఆపి జేబులో పెట్టుకున్నాడు. ఎప్పుడో, ఎక్కడో ఒక పక్క స్టిక్కర్ అతికించి, రెండో పక్క ఈ షెడ్డుకు వదిలేసి ఉంటారు. బ్రహ్మచారి చూసింది ఆ రెండో పక్క. పొద్దున ఫోన్‌లో తుకారాం అన్నీ అడిగాడు. ఏ బండి, ఎన్ని డబ్బాలు, ఎంత జోరు, పూలు కనబడ్డాయా. ఏ పక్క నిలబడ్డావని అడగలేదు. మాలో ఎవరూ అడగరు. అడిగే అవసరం ఎన్నడూ రాలేదు.

ఆయన బెంచీ మీదే ఉంటే ఇరవై అడుగుల్లోంచి చూసేవాడు. నల్లగానైనా చూసేవాడు.

"అన్నా, నా బైకు మీద కూసో," అన్నాడు తుకారాం ఉన్నట్టుండి. "గీ సందు మొదట్లనే ఉన్నది. సిగ్నల్ కాడ ఆపుతరేమో. అవతలి పక్కకెళ్లి పోదాం. ఇప్పుడే. వీరన్న ఎనకాల పట్టుకుంటడు."

"వద్దు తమ్ముడూ."

"షెడ్ గేటు కాడ కాళ్లు పట్టుకుంట. రేపటిదాకనన్న ఉంటది గదా..."

"నాకు ఊపిరి లేదయ్యా."

తుకారాం అక్కడే కంకర మీద కూర్చున్నాడు. "నేనే లేపిన నిన్ను. మంచిగ కూసున్నోణ్ణి లేపిన."

"ఎండలో చూస్తానంది నేను గదా," అన్నాడు పేతురు. తర్వాత, ఎవరితోనో తెలియదు, "సీసా బాగా మెరిసింది," అన్నాడు.

మళ్లీ పట్టుకుని ఇవతలికి దాటించాం. ఈసారి ఆయన కాళ్లు వేయలేదు, మేమే మోశాం. బెంచీ మీద కూర్చోబెడితే వీపు గోడకు ఆనింది, పొద్దున ఆనినట్టే. బుచ్చమ్మ మా మొఖాలు చూసి గడ్డిమోపు ఎత్తుకుని పోయింది. పొయ్యేముందు తను తాగే నీళ్ల సీసా బెంచీ మీద పెట్టిపోయింది.

ఆకాశం మళ్లీ మూసుకున్నది. ఎండ ఎట్ల వచ్చిందో అట్లనే పోయింది. పట్టాలకు రెండు పక్కలా ఇప్పుడు ఒకటే వెలుతురు.

రోసమ్మ క్యారియర్ విప్పింది. నలుగురికీ సరిపడా తెచ్చింది. అన్నం, గోంగూర పప్పు, కోడిగుడ్డు వేపుడు, అడుగు గిన్నెలో వేరుశనగ పచ్చడి. చూసి వచ్చాక తిందామని పొద్దున్నే లేచి చేసినట్టున్నది. పేపరు ప్లేట్లలో వడ్డించి కండ్లు మూసుకున్నది. భోజనం ముందు ఆమె పైకే ప్రార్థన చేస్తుంది, నేను విన్నాను. ఆ రోజు పెదవులు కూడా కదలలేదు. కండ్లు తెరిచి పేతురుకు ముద్ద కలిపి చేతికిచ్చింది. ఆయన పచ్చడి నంజుకుని మెల్లగా నమిలాడు.

మేం తిన్నాం. ఏదో ఎక్స్‌ప్రెస్ పెద్దగా కూత పెట్టుకుంటూ మా ముందు నుంచి పోయింది. గాలికి ప్లేట్లు లేస్తుంటే బొటనవేళ్లతో అదిమి పట్టుకున్నాం. ఏ ఇంజనో తుకారాం తల ఎత్తి చూడలేదు. అతని ప్లేటులో అన్నం అయిపోయింది గాని చెయ్యి ఇంకా ప్లేటులోనే ఉన్నది. రోసమ్మ అడగకుండానే ఇంకో గరిటె వేసింది. పైన పచ్చడి వేసింది. తుకారాం తల వంచుకుని దాన్ని కూడా తిన్నాడు.